గడీ చెప్పిన సాక్ష్యం

దొరల కాగితాల్లో భూముల లెక్కలుంటాయి, శిస్తుల లెక్కలుంటాయి. పెళ్లికూతురి వెంట అత్తింటికి పంపిన ఆడబాప గుండెలో ఏముందో ఏ కాగితమూ రాయదు. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ సినిమా ఆ చరిత్రను దొర ఉండే ఇంట్లో, గడీలో వెతికింది.

ఇది 1920ల నాటి తెలంగాణ కథ. కమలాక్షి దొర గడీలో దాసి. దొర వల్ల కడుపుతో ఉన్నా ఆ బిడ్డను కనే హక్కు ఆమెకు లేదు. ఇలాంటి కథను ఏడుపులతో, పెద్ద మాటలతో నింపడం తేలిక. నర్సింగరావు మాటలు తగ్గించి, బరువంతా ఇంటిమీద పెట్టారు. ఆమె పని చేస్తున్నంతసేపూ కెమెరా తొందరపడకుండా చూస్తుంది. ఏ గడప దాటవచ్చో, ఎక్కడ తల దించుకోవాలో ఎవరూ చెప్పకుండానే మనకు తెలిసిపోతుంది. భూస్వామ్య కుటుంబంలో పుట్టిన దర్శకుడు ఆ ఇంటిని దాసి నిలబడ్డ చోటునుంచి చూడటమే ఈ సినిమా నిజాయితీ.

ఆ చూపుకు తోడు నిలిచిన పనితనం గొప్పది. ఎ.కె. బీర్ ఛాయాగ్రహణం, చిత్రకారుడు వైకుంఠం కళాదర్శకత్వం, సుదర్శన్ దుస్తులు, కమలాక్షిగా అర్చన నటన: నాలుగింటికీ జాతీయ పురస్కారాలు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం పురస్కారంతో కలిపి అయిదు.

పాలస్తీనా దర్శకుడు మిషెల్ ఖలీఫీ మాలూల్ అనే ఊరిమీద తీసిన డాక్యుమెంటరీదీ ఇదే తపన. 1948లో జనాన్ని పోగొట్టుకున్న ఆ ఊరు పైన్ చెట్ల కింద మరుగైంది. పాత ఊరి బొమ్మలో తమ ఇళ్లు ఏవో ఒకప్పుడు అక్కడ బతికినవాళ్లు చూపిస్తారు. ఆ సినిమాలో మాయమైన ఊరికి మనుషులు సాక్ష్యం చెబుతారు. ‘దాసి’లో నోరు మూయించిన మనిషికి ఇల్లు సాక్ష్యం చెబుతుంది.

కాగితాలకెక్కని బతుకులు మా ఊళ్లోనూ ఉన్నాయి. మా నిజాంపట్నం డచ్చి, ఇంగ్లీషు వర్తకుల రాతల్లో పెటపోలి. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ ఇక్కడికి వచ్చిన సంగతి వాటిలో ఉంది. ఆ వర్తకానికి బట్ట నేసినవాళ్ల, రంగు అద్దినవాళ్ల, మూటలు మోసినవాళ్ల బతుకు తెరమీద చూడాలని నా కోరిక. దాన్ని తీయబోయేవాళ్లకు ‘దాసి’ మంచి బడి. ఈ నేలమీద ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరిని ఎక్కడ నిలబడనివ్వలేదో తెలుసుకున్నాకే కెమెరా ఎక్కడ పెట్టాలో తేల్చుకోవాలి.