గుడ్డ మీద నమ్మకం

ఆదోని కోట అయిదు కొండల మీద పరుచుకుని ఉంది. వాటిలో పెద్దదైన బారాకిల్లా కింది మైదానం నుంచి సుమారు 800 అడుగులు లేస్తుంది. ఈ ఎత్తును కొలబద్దగా పెట్టుకుంటే స్కైడైవింగ్ లెక్కలు చప్పున మనసుకెక్కుతాయి. దూకేవాళ్లు సాధారణంగా 13,000 అడుగుల ఎత్తులో విమానం తలుపు దాటుతారు. బారాకిల్లాలు పదహారు ఒకదాని మీద ఒకటి పేర్చినంత ఎత్తు అది. పొట్ట నేలవైపు పెట్టి పడే మనిషి గంటకు దాదాపు 190 కిలోమీటర్ల వేగం అందుకుంటాడు. ఆ వేగానికి ఒక బారాకిల్లా ఎత్తు అయిదు సెకన్లలోపే కరిగిపోతుంది. దూకిన మనిషి స్పృహ తప్పినా, ఎంత కిందికి వచ్చాడో మరచిపోయినా, వీపు మీద ఉన్న చిన్న యంత్రం గాలి ఒత్తిడిని బట్టి ఎత్తునూ వేగాన్నీ లెక్కగట్టి, 750 అడుగుల దగ్గర అత్యవసరానికి ఉంచిన రిజర్వ్ పారాచూట్ సంచిని బిగించిన దారాన్ని తానే తెంచేస్తుంది. జర్మనీకి చెందిన హెల్ముట్ క్లోత్ 1991లో తెచ్చిన సైప్రెస్ అనే పరికరంతో ఈ పద్ధతికి నమ్మకం కుదిరింది. అంటే ఆఖరి రక్షణ మొదలయ్యేది మన కోట కొండ శిఖరం కంటే కాస్త కిందనే.

ఆ యంత్రానికి పని పడే రోజు రాకూడదనే మిగతా ఏర్పాటంతా. ఫోన్లలో తిరిగే వింగ్‌సూట్ వీడియోలు కొండ అంచున రివ్వున దూసుకుపోయే అర నిమిషాన్ని చూపిస్తాయి. దానికి ముందు నేల మీద గంటల తరబడి సాగే మడత, కుట్టు, తనిఖీ, ఎదురుచూపు వాటిలో ఉండవు. నా దృష్టిలో ఈ విద్య విలువంతా అక్కడే ఉంది. గుడ్డ మీద, దారం మీద, పక్కవాడి కంటి చూపు మీద నిలబడ్డ విద్య ఇది. పత్తి అమ్మే ఆదోనికీ, మగ్గం నేసే ఎమ్మిగనూరుకూ దీని లోతు ఇట్టే తెలుస్తుంది.

1797 అక్టోబరు 22న పారిస్‌లో ఆంద్రే జాక్ గార్నెరిన్ బెలూన్ నుంచి విడిపోయి పట్టుగుడ్డ పారాచూట్‌తో నేలకు దిగాడు. రెండో ప్రపంచయుద్ధం దాకా ఈ గొడుగులకు పట్టే ప్రధానం. పారాచూట్ వల్ల ప్రాణం దక్కిన వైమానికుల కోసం అమెరికాలో లెస్లీ ఇర్విన్ కంపెనీ 1922లో ఒక సంఘం మొదలుపెట్టి, సభ్యులకు పట్టుపురుగు ఆకారంలో చిన్న బంగారు పిన్ను ఇచ్చేది. దాని పేరు కేటర్‌పిల్లర్ క్లబ్. తమ ప్రాణం నిలిపిన పురుగును వాళ్లు గర్వంగా కోటుకు పెట్టుకున్నారు. హిందూపురంలో పట్టుగూళ్ల బేరం చూసినవాళ్లకు ఆ గౌరవం పురుగుకు తగినదేనని తోస్తుంది. జపాన్‌తో యుద్ధం వచ్చి అమెరికాకు పట్టు రాక ఆగిపోయాక ఆ స్థానంలోకి నైలాన్ వచ్చింది.

ఇప్పటి పారాచూట్ గుడ్డను రిప్‌స్టాప్ అంటారు. పడుగులోనూ పేకలోనూ కొన్ని పోగులకొకసారి కాస్త బలమైన పోగు వేసి నేస్తారు. దాంతో గుడ్డంతా సన్నటి గళ్లు తేలతాయి. ఎక్కడైనా చిరుగు పుడితే ఆ గడి గట్టు దగ్గర ఆగిపోతుంది. 1938లో మాచాని సోమప్ప పూనికతో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పుట్టింది. ఆ సంఘం నీడన మగ్గం పట్టిన ఇంటివాళ్లకు ఈ గుడ్డను ఒకసారి వెలుతురుకు ఎత్తి చూపిస్తే చాలు, ఎందుకలా నేశారో వాళ్లే చెబుతారు. నేత అయ్యాక దాని మీద సిలికాన్ పూత వేస్తారు. గాలి గుడ్డలోంచి కారిపోకుండా ఆ పూత అడ్డుకుంటుంది.

గుండ్రటి గొడుగు మనిషిని దింపుతుంది గాని, కోరిన చోటికి చేర్చడం దాని చేతిలో అంతగా లేదు. 1960లలో డొమినా జాల్బర్ట్ ఆలోచన దీన్ని మార్చేసింది. పైన ఒక పొర, కింద ఒక పొర, మధ్యలో వరసగా గదులు, ముందు వైపు తెరిచిన నోళ్లు. గాలి ఆ నోళ్లలోంచి దూరి గదులు నిండగానే మెత్తటి గుడ్డ విమానపు రెక్కలా బిగుసుకుంటుంది. దాన్ని తిప్పవచ్చు, నెమ్మది చేయవచ్చు, అనుకున్న గడ్డి మీద కాలు మోపవచ్చు. వింగ్‌సూట్ కూడా ఈ సూత్రంతోనే పనిచేస్తుంది. చేతులకూ నడుముకూ మధ్య, రెండు కాళ్ల మధ్య రెండు పొరల గుడ్డ ఉంటుంది. ముందున్న చిన్న నోళ్లలోంచి గాలి చేరి అది ఉబ్బుతుంది. గంటకు 190 కిలోమీటర్లున్న పతనవేగం అరవై డెబ్బైకి తగ్గుతుంది. ముందుకు సాగే వేగం మాత్రం నూటయాభై దాటుతుంది. ఒక అడుగు కిందికి దిగేలోపు రెండున్నర అడుగులు ముందుకు పోవడం మంచి చేతులకు మామూలే.

ఈ గుడ్డ రెక్కల చరిత్ర మరణాలతో నిండి ఉంది, దాన్ని దాచకూడదు. ఫ్రాంజ్ రైషెల్ట్ అనే దర్జీ తాను కుట్టిన పారాచూట్ కోటు వేసుకుని 1912 ఫిబ్రవరి 4న ఈఫిల్ టవర్ మొదటి అంతస్తు నుంచి దూకి చనిపోయాడు. బొమ్మతో పరీక్షించమని మిత్రులు ఎంత చెప్పినా వినలేదు. క్లెమ్ సోన్ గబ్బిలం రెక్కలతో జనాన్ని అబ్బురపరిచి, 1937లో ఫ్రాన్స్‌లో పారాచూట్ తెరుచుకోక పడిపోయాడు. లియో వలెంతాఁ చెక్క రెక్కలతో 1956లో లివర్‌పూల్‌లో పోయాడు. ఇప్పటి వింగ్‌సూట్‌కు రూపం ఇచ్చిన పాట్రిక్ దె గయార్దాఁ 1998 ఏప్రిల్ 13న హవాయిలో మరణించాడు. ఆయన సూట్‌లో ఏ లోపమూ లేదు. పారాచూట్ సంచికి తాను చేసుకున్న మార్పులో కుట్టు తప్పింది. అంత ఆరితేరినవాడి కుట్టును మరో జత కళ్లు చూసి ఉంటే అన్న బాధ ఆయన కథ చదివిన ప్రతిసారీ నన్ను పట్టుకుంటుంది.

మరుసటి ఏడాది ఫిన్లాండ్‌కు చెందిన యారి కుఓస్మా, క్రొయేషియాకు చెందిన రాబర్ట్ పెచ్నిక్ కలిసి బర్డ్‌మన్ పేరుతో సూట్లు కుట్టి అమ్మడం మొదలుపెట్టారు. వాళ్లు గుడ్డతోపాటు పాఠాన్నీ ఇచ్చారు. ఎవరు నేర్పాలి, ఎవరికి నేర్పాలి, ముందు ఏం తెలిసి ఉండాలి అన్న క్రమం ఏర్పడింది. అంతకుముందు ఒక్కో మనిషి ఒంటరిగా చేసిన ప్రయోగం అప్పటినుంచి గురుశిష్యుల పరంపరగా మారింది. అమెరికా పారాచూట్ సంఘం నియమం ప్రకారం ఇప్పుడు 200 దూకులు పూర్తి చేయనిదే వింగ్‌సూట్ తొడగకూడదు.

అన్ని దూకులు ఎందుకంటే, సూట్ తొడిగాక మామూలు దూకులో తేలికైన ప్రతి పనీ కష్టమవుతుంది. తొడల చుట్టూ బిగించే పట్టీలు సూట్ కింద దాగిపోతాయి. అవి బిగించారో లేదో పైకి కనపడదు, నిలబడినప్పుడు రెక్కల గుడ్డే బిగువుగా ఉండి పట్టీ ఉన్నట్టు భ్రమ కలిగిస్తుంది. అందుకే తొడిగేముందు ఒకసారి, విమానం ఎక్కేముందు ఒకసారి చేత్తో తడిమి చూసుకోవడం అలవాటు చేయిస్తారు. తలుపు దాటగానే రెక్కలు విప్పకూడదు. విప్పితే గాలి పైకి ఎగదన్ని విమానం తోకకు కొట్టవచ్చు. ఒకటి రెండు సెకన్లు ముడుచుకుని ఉండి, తోక దాటాకే రెక్క చాపాలి. ఎగురుతూ ఉండగా ఒక భుజం వంగితే బల్లపరుపుగా గిరగిరా తిరిగే ప్రమాదం ఉంది. అప్పుడు తంటాలు పడడం మాని ఒళ్లంతా ముడిస్తే వేగం పెరిగి శరీరం మళ్లీ దారికొస్తుంది. ఈ తెలివి చదివితే రాదు, ఒంటికి పట్టాలి.

పారాచూట్ తెరిచే క్షణం మరీ సున్నితం. ఎగిరేవాడి వీపు వెనక గాలి పలచబడి సుడులు తిరుగుతుంది. పెద్ద గొడుగును బయటికి లాగడానికి ముందుగా విసిరే చిన్న పైలట్ చూట్ ఆ సుడిలో పడితే గాలి అందక వీపు మీదే తచ్చాడుతుంది. అందుకే వింగ్‌సూట్ వాళ్లు దాన్ని కాస్త పెద్దదిగా, దాని పట్టీని కాస్త పొడుగుగా వాడతారు. రెండు చేతులూ ఒకేసారి వెనక్కి తెచ్చి, శరీరం ఏ పక్కకూ ఒరగకుండా విసురుతారు. కొత్తవాళ్లకు 5,000 అడుగుల పైనే ఈ పని ముగించమని నేర్పుతారు. తెరుచుకున్నాక చేతుల జిప్పులు విప్పుకోవాలి, అప్పుడే పైనున్న తాళ్ల పిడులు అందుతాయి.

తెరుచుకున్న గొడుగు వంకరగా ఉంటే? తాళ్లు చిక్కుపడితే? ఇక్కడే బిల్ బూత్ కనిపెట్టిన మూడు రింగుల అమరిక కాపాడుతుంది. ఒకదానికంటే ఒకటి చిన్నవైన మూడు ఉంగరాలు ఒకదాంట్లోంచి ఒకటి దూరి, చివర ఒక చిన్న తాడు ఉచ్చుతో నిలుస్తాయి. ఒక్కో ఉంగరం దగ్గరా బరువు తగ్గుతూ వచ్చి, మనిషి మొత్తం బరువు వేలాడుతున్నా ఆ చివరి ఉచ్చు మీద పడేది స్వల్పం. కుడి పిడి లాగితే పాడైన గొడుగు వదిలిపోతుంది, ఎడమ పిడి లాగితే రిజర్వ్ వస్తుంది. లైసెన్సు కోసం నేర్చుకునేవాళ్లు 2,500 అడుగులకు దిగేలోపే ఈ నిర్ణయం తీసుకోవాలి. ఆ తర్వాత ఆలోచనకు తావు లేదు. అందుకే నేల మీద పట్టీలకు వేలాడదీసి, కళ్లు మూసుకున్నా చేతులు సరైన పిడి మీదకు పోయేదాకా సాధన చేయిస్తారు.

రిజర్వ్‌ను ఎవరు పడితే వారు మడవకూడదు. అమెరికాలో లైసెన్సు ఉన్న రిగ్గర్ మాత్రమే దాన్ని విప్పి, ప్రతి కుట్టూ ప్రతి తాడూ చూసి, మళ్లీ మడిచి, ఎర్ర దారంతో కట్టి, సీసపు ముద్ర వేసి, కార్డు మీద తేదీ వేసి సంతకం చేస్తాడు. 180 రోజులకొకసారి ఆ దారం తెంపి మళ్లీ మొదలు. చాలా రిజర్వులు ఒక్కసారైనా గాలి చూడకుండానే ముసలివైపోతాయి. ఎవరూ చూడని పనిని అంత శ్రద్ధగా చేసే ఆ చేతుల మీద నాకు చెప్పలేనంత గౌరవం.

ఈ మనుషులు కలిసి బతికే తీరు కూడా ఈ శ్రద్ధ చుట్టూ అల్లుకున్నదే. గాలి ఎక్కువైతే, మబ్బు దిగితే అందరూ హ్యాంగర్‌లో కూర్చుంటారు. ఎవరో మడత పెడుతుంటారు, ఎవరో చక్రాల పలకల మీద పడుకుని నేల మీదే నలుగురితో చేతులు కలిపే వరస సాధన చేస్తుంటారు. కొత్తగా ఏదైనా చేసినవాడు మిగతావాళ్లకు పానీయాలు తెప్పించాలన్నది పాత ఆచారం. విమానంలో పైకి వెళ్తుండగా పక్కవాడి వీపు తిప్పించి పారాచూట్ సంచిని మూసి ఉంచే పిన్ను చూడడం ఎవరూ తప్పుగా అనుకోరు, చూడకపోతేనే తప్పు. 2006 ఫిబ్రవరి 8న థాయిలాండ్‌లోని ఉడాన్ థానీ మీద 400 మంది ఒకరినొకరు పట్టుకుని ఒకే ఆకారంగా నిలిచారు. అది ఈ అలవాటు అంతమందికీ ఒంటబట్టినందువల్లే సాధ్యమైంది. ప్రమాదం జరిగితే ఎలా జరిగిందో రాసి అందరికీ పంచుతారు. 2023లో అమెరికాలో సుమారు 36.5 లక్షల దూకుల్లో మరణాలు 10. వాటినీ వాళ్లు ఒక్కొక్కటిగా విప్పి చదువుకుంటారు.

విమానం లేకుండా కొండ మీంచి దూకే బేస్ జంపింగ్ ఈ లెక్కలోకి రాదు. అక్కడ రిజర్వ్‌కు సమయం ఉండదు, యంత్రం అక్కరకు రాదు. సూట్ గాలి పట్టుకునేలోపే ఎన్నో వందల అడుగులు పోతాయి. రాళ్లు పొడుచుకొచ్చిన వాలు కొండల మీద, మన ఆదోని రణమండలం కొండ కానీ బారాకిల్లా కానీ, ఆ పని తలపెట్టడం ఆత్మహత్యే. ఈ మాట రాయలసీమ కుర్రాళ్లకు గట్టిగా చెప్పాల్సిందే.

మన వైపు ఈ విద్య ఎక్కువగా సైన్యం చేతిలో ఉంది. 1987లో ఏర్పడిన వైమానిక దళపు ఆకాశ్ గంగ బృందం హైదరాబాద్ పక్కన దుండిగల్ అకాడమీ పరేడ్లలో దిగడం చాలామంది చూసే ఉంటారు. 2025 జనవరి మొదటి వారంలో విశాఖ ఆర్కే బీచ్‌లో నౌకాదళ విన్యాసాల రిహార్సల్ జరుగుతుండగా ఇద్దరి పారాచూట్లు గాలిలో పెనవేసుకుపోయి ఇద్దరూ సముద్రంలో పడ్డారు. నౌకాదళం పడవలు వెంటనే చేరుకుని ఇద్దరినీ క్షేమంగా తీశాయి. ప్రేక్షకులు దాన్ని అదృష్టం అనుకుని ఉండవచ్చు. దిగే చోటు కింద ముందే పడవలు నిలిపి ఉంచడం అదృష్టం కాదు, పద్ధతి. శ్రీహరికోటలో 2023 అక్టోబరు 21న జరిగిన గగన్‌యాన్ పరీక్షలో కూడా ఈ పద్ధతే కనిపిస్తుంది. వ్యోమగాముల గదిని ఆఖరున దింపే పెద్ద గొడుగులు మూడు, సురక్షితంగా దిగడానికి రెండు చాలు.

పౌరులకు దారి లేకపోలేదు. గండిపేట దగ్గర గాలి సొరంగంలో నిలబడి శరీరంతో గాలిని ఎలా నెట్టాలో నేర్చుకోవచ్చు. హర్యానాలో నార్నౌల్ దగ్గర విమానం నుంచి దూకించే చోటుంది. పుణెకు చెందిన శీతల్ మహాజన్ 2018లో థాయిలాండ్‌లో తొమ్మిది గజాల చీర కట్టుకుని 13,000 అడుగుల నుంచి దూకింది. వదులు గుడ్డ గాలికి పిడులను కప్పేయగలదు కాబట్టి చీర కుచ్చిళ్లు జాగ్రత్తగా బిగించాకే విమానం ఎక్కింది. సరదాగా ఒక్కసారి శిక్షకుడి ఒంటికి కట్టుకుని దూకాలనుకునే వాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు, డబ్బు కట్టేముందు రిజర్వ్ కార్డు మీద తేదీ ఎప్పటిదో అడగాలి. రిజర్వ్‌ను తానే తెరిచే యంత్రం ఆన్ చేసి ఉందా, శిక్షకుడు ఇలా ఎన్నిసార్లు దూకాడు, గాలి ఎంత దాటితే ఆపేస్తారు అని కూడా అడగాలి. మంచి శిక్షకుడు ఈ ప్రశ్నలకు సంతోషిస్తాడు, కార్డు తీసి చేతికిస్తాడు.