వక్తృత్వ విద్య: ఏథెన్సు, బస్రా, బందరు

ప్రాచీన గ్రీకు, రోమను వక్తృత్వ విద్య మనకు అందని విషయమని కృష్ణా డెల్టా పాఠకులు అనుకోనక్కరలేదు. పటమట మొదలు బందరు దాకా తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయములు’లోని రాయబార ఘట్టాన్ని మతభేదం లేకుండా జనం తెల్లవార్లు విన్నారు. యుద్ధమా, సంధియా అని నిండు సభలో వాదించడమే ఆ ఘట్టం. అరిస్టాటిల్ చెప్పిన మూడు విధాల ప్రసంగాలలో కర్తవ్యాన్ని నిర్ణయించే ప్రసంగం సరిగ్గా ఇదే. రోమను పాఠశాలల్లో కుర్రవాళ్ళకిచ్చిన ‘సువాసోరియా’ అభ్యాసమూ ఇటువంటిదే. అలెగ్జాండరు మహాసముద్రంలోకి ఓడలు నడపాలా వద్దా? అగమెమ్నోన్ కూతురిని బలి ఇవ్వాలా వద్దా? పిల్లవాడు లేచి సలహా చెప్పాలి.

అయితే రోములో ఈ విద్య క్షీణించిందని టాసిటస్ వంటివారు వాపోయారు. కారణం స్పష్టమే. చక్రవర్తుల పాలన వచ్చాక నిర్ణయాలు సభల చేతుల్లోంచి జారిపోయాయి. బడిలో మాత్రం నియంతల మీద, సముద్రపు దొంగల మీద ఉపన్యాసాలు సాగాయి. వినేవాడి చేతిలో నిర్ణయం లేనప్పుడు ప్రసంగం ప్రదర్శనగా మారుతుంది.

అరిస్టాటిల్ గ్రంథం అరబ్బీలోకి వచ్చింది. ఇబ్నె సీనా, ఇబ్నె రుష్ద్ దానిని వివరించారు. కాని అది ఎక్కువగా తర్కశాస్త్రజ్ఞుల చేతుల్లోనే ఉండిపోయింది. మన ఖతీబులకు గురువు జాహిజ్ (మరణం క్రీ.శ. 868). తన ‘అల్ బయాన్ వత్తబ్యీన్’ను ఆయన దుఆతో ఆరంభిస్తాడు: మాట రాకపోవడం నుండి ఎలాగో, మాటకారితనం నుండీ అలాగే అల్లాహ్ శరణు కోరుతాడు.

బస్రాకు చెందిన వాసిల్ ఇబ్నె అతా గురించి ఆయన వ్రాసినది చదవదగినది. (ఆయన ముఅతజిలా సిద్ధాంతంతో మనకు ఏకీభావం ఉండనక్కరలేదు.) వాసిల్‌కు ‘ర’కారం సరిగ్గా పలకదు. ఆ అక్షరమే రాకుండా ఖుత్బా ఇచ్చాడు. గోధుమను ‘బుర్ర్’ అనక ‘కమ్హ్’ అన్నాడట. మన అష్టావధానంలో నిషిద్ధాక్షరి దీనికి చుట్టమే. పృచ్ఛకుడు అక్షరాన్ని నిషేధిస్తాడు, అవధాని మరో మాట వెతుకుతాడు. చూడడానికి రెండూ ఒకటే. కాని అవధాని అడ్డంకి సభ పెట్టినది, దాటితే చప్పట్లు. వాసిల్ అడ్డంకి అతని నాలుకలో ఉన్నది. దాటినట్టు ఎవరికీ తెలియకపోతేనే గెలుపు. డెమోస్తనీస్ నోట్లో గులకరాళ్ళు పెట్టుకొని సాధన చేశాడని ప్లూటార్కు చెప్పినదీ ఈ కోవలోదే. నా దృష్టిలో వక్తృత్వ విద్యకు గీటురాయి నిషిద్ధాక్షరి కాదు, వాసిల్ శ్రమ.

హజ్రత్ మూసా (అ) తన నాలుక ముడి విప్పమని ప్రార్థించినప్పుడు కారణం కూడా చెప్పారు: జనం తన మాట అర్థం చేసుకోవాలని. మన మదరసాలలో బలాగత్ పేరిట ‘తల్ఖీసుల్ మిఫ్తాహ్’, దానికి తఫ్తాజానీ వ్యాఖ్యానం చదువుతారు. అరబ్బీ పద్యాలలోని అలంకారాలు విప్పి చెప్పగల విద్యార్థి జుమా నాడు మింబర్ ముందు నిలబడి, ఉర్దూ చదవని కుర్రవాడికి తెలుగులో నాలుగు మాటలు చెప్పలేక తడబడతాడు. వారంవారం అంజుమన్‌లో ప్రసంగాభ్యాసం చేయించేవారు లేకపోలేదు. అక్కడ కూడా సాధన ఎక్కువగా ఉర్దూలోనే. ఆ కుర్రవాడు మసీదులో కూర్చుంటాడు, కాని వినడు. కొన్నాళ్ళకు రాడు.

ఇక్కడ క్వింటిలియన్ మనకు పనికివస్తాడు. అతని బడిలో అలంకారాలు తరువాత. ముందు ఈసోపు కథను పిల్లవాడు తన సొంత మాటల్లో సాదాగా చెప్పాలి, ఆ తరువాత వ్రాయాలి. పిదప దానిని కుదించాలి, పెంచాలి. మన ఉస్తాదులు హజ్రత్ యూసుఫ్ (అ) గాథతో ఇదే చేయించవచ్చు: పటమట రైతుబజారులో కూరలమ్మే మనిషికి అర్థమయ్యే తెలుగులో, ముందు పది నిమిషాల్లో, తరువాత మూడు నిమిషాల్లో. ఖుత్బా క్లుప్తంగా ఉండడం మనిషి వివేకానికి గుర్తు అన్న హదీసు ‘సహీహ్ ముస్లిం’లో ఉన్నది గనుక, ఆ మూడు నిమిషాలకే ఎక్కువ మార్కులు వేయాలి.