సృజించినవాని మౌనము

ఫ్రాంకెన్‌స్టైన్ అను పేరు వినగానే చదునైన తలతో, భారముగ అడుగులు వేయుచు వచ్చు భూతమొకటి అనేకుల తలపునకు వచ్చును. అది 1931 నాటి హాలీవుడ్ చలనచిత్రము మనకు అలవాటు చేసిన రూపము. మేరీ షెల్లీ నవలలో ఆ పేరు భూతముది కాదు. దానిని సృజించిన విక్టరు అను విద్యార్థిది. అతని సృష్టికి పేరే లేదు. ఈ పొరపాటును సవరించుకొన్నచో నవలకు సగము దారి దొరకినట్లేయని నా నమ్మకము. పేరు పెట్టక విడిచిన బిడ్డ కథ యిది.

ఆమె ఈ రచనను 1816లో జెనీవా సరస్సు దాపున, పదునెనిమిదేండ్ల వయస్సున ఆరంభించెను. అంతకు ముందటి యేడు ఆమె తొలి శిశువు నెలలు నిండకయే పుట్టి, కొలది దినములకే మరణించెను. 1818లో గ్రంథము రచయిత్రి పేరు లేకయే వెలువడినది.

విజ్ఞానము హద్దు మీరినచో వినాశము తప్పదని చాటుటకే ఈ నవల పుట్టినదని సాధారణముగ చెప్పుదురు. మనవారిలో కొందరు దీనిని భస్మాసుర వృత్తాంతముతో పోల్చగా విన్నాను. పోలిక ఇంపుగనే యున్నది గాని నిలువదు. భస్మాసురుడు వరము పొందినంతనే దాత తలపైననే చేయి పెట్టబోయెను. విక్టరు సృష్టి కన్ను తెరచి, చేయి చాచి, ఏదో పలుకబోయినది. విక్టరే జడిసి మెట్లు దిగి పారిపోయెను. దాదాపు రెండేండ్లు శ్రమించినవాడు రెండు నిమిషములు నిలువలేకపోయెను!

అటుపిమ్మట ఆ ప్రాణి అడవిలో కాయలు, దుంపలు తిని, ఒక పేద కుటుంబము వారి ఇంటిని ఆనుకొన్న కొట్టములో దాగి, గోడ సందునుండి చూచుచు వారి భాషను నేర్చినది. రాత్రులందు వారికి కట్టెలు తెచ్చి పెట్టినది. ఈ భాగమే నవలకు ప్రాణము. ఇరుగుపొరుగువారి మాటను చాటున విని నేర్చుకొని, ఆ మాటతోనే వారి తలుపు తట్టుట యెట్టి సాహసమో, పరభాషా ప్రాంతములలో తరతరములుగ కాపురమున్న మనకు వేరుగ చెప్పనక్కరలేదు. అంధుడైన వృద్ధుడు ఆదరముగ మాటాడెను. కన్నులున్నవారు వచ్చి కొట్టి తరిమిరి.

అయినను విక్టరు చేసిన అసలు అపరాధము ఇది కూడ కాదని నాకు తోచును. అతని చిన్నతమ్ముడు విలియం హతుడయ్యెను. చంపినది తన సృష్టియేయని విక్టరు గ్రహించెను. నేరము మాత్రము ఆ యింటనే పెరిగిన జస్టీను అను పనిపిల్లపై పడినది. ఆమె జేబులో దొరకిన చిన్న పటము ఆమెకు ప్రతికూల సాక్ష్యమైనది. విచారణ సాగుచుండగా విక్టరు న్యాయస్థానమున నుండెను. ఆమె నిర్దోషియని ఇంటివారితో అనెనే గాని, నిజము బయటపెట్టినచో పిచ్చివాడందురని తనకు తాను సర్ది చెప్పుకొనెను. ఆమెను ఉరితీసిరి. ఆమె పడిన బాధకన్న తన బాధయే పెద్దదని అతడనును. రచయిత్రి ఆ మాటను అతని నోటనే చెప్పించి, తానేమియు వ్యాఖ్యానింపక విడిచినది. ఇంతకు మించిన తీర్పు వేరొకటి వ్రాయనక్కరలేదు.

ముప్పదియేడేండ్లు గుమాస్తాగ పనిచేసిన నాకు ఈ ఘట్టము చదువునప్పుడెల్ల ఒక సంగతి జ్ఞప్తికి వచ్చును. ఒకప్పుడు మా కార్యాలయమున ముఖ్యమైన కాగితమొకటి కనబడకపోగా నెపము బంట్రోతుపై పడినది. దానిని పొరపాటున వేరొక కట్టలో చేర్చినది నేనేయని ఆ సాయంకాలమే నాకు అనుమానము కలిగినది. నాలుగు దినములు పెదవి కదపలేదు. ఐదవనాడు కాగితము దొరకినది గనుక అతని కొలువు నిలిచినది. నా ధైర్యమువలన కాదు.

1831లో షెల్లీ ఈ నవలను సవరించి, అంతయు విధి నడిపించినదను భావమునకు ఎక్కువ చోటిచ్చెను. నాకు మొదటి ప్రతియే మేలు. విధిపైకి త్రోసినచో విక్టరునకు పని సులువగును.

హెచ్. జి. వెల్స్ 1897లో ప్రకటించిన అదృశ్య మానవుని కథలోని గ్రిఫిన్ వేరు రకము. ఆచార్యుడు తన పరిశోధనను అపహరించునను శంకతో దానిని దాచెను. తండ్రి వద్ద సొమ్ము దొంగిలించెను. అది తండ్రి సొంత సొమ్ము కాకపోవుటచే ఆయన కాల్చుకొని మరణించెను. గ్రిఫినుకు జాలియైన కలుగలేదు. కథనమున వెల్స్ దిట్ట. బట్ట కట్టినచో కనబడును, కట్టనిచో చలి. తిన్న ఆహారము ఒంటబట్టువరకు లోపల కనబడును. ఎంత శక్తియో అంత అవస్థ! కాని గ్రిఫిన్ మరీ క్రూరుడు. తుదకు జనము అతనిని కొట్టి చంపినప్పుడు చదువరి ఊపిరి పీల్చుకొనును. తన సంగతి తడవికొనడు. షెల్లీ మనకు ఆ వెసులుబాటు నీయదు.

వెల్స్ నవలలో నన్ను కలవరపెట్టినది చివరి పుటయే. గ్రిఫిన్ వ్రాతపుస్తకములు మార్వెల్ అను దేశదిమ్మరికి చిక్కినవి. అతడిప్పుడు ఒక సారాయంగడికి యజమాని. ఆదివారము ఉదయమున తలుపు మూసికొని, నీటికి సగము చెరగిన ఆ పుటలను ముందుంచుకొని కూర్చుండును. ఒక్క సూత్రమైన అతనికి బోధపడదు. అవి ఎక్కడ నున్నవని యెవరడిగినను తెలియదనును.