రాజుగారి కోసం ఒక మాయాబొమ్మ – చిత్ర సమీక్ష

ఈ శీర్షికలో సాధారణంగా తెలుగు చిత్రాల గురించే వ్రాస్తూ ఉంటాము. ఈసారి ఒక ఆంగ్ల చిత్రాన్ని తీసుకొనడానికి కారణం ఉంది. ‘ఎ హోలోగ్రామ్ ఫర్ ది కింగ్’ అనే ఈ చిత్రం సౌదీ అరేబియాలో జరిగే కథ. ఆ ఎడారి దేశంలో కరీంనగరం, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల తెలుగువారు ఎందరో కూలినాలి చేసుకుంటున్నారు. పొట్ట చేతబట్టుకొని సముద్రం దాటినవారి మనుమలం కనుక, వారి బ్రతుకు ఏ కొంచెమైనా తెరమీద కనిపిస్తుందేమోనని ఇంటిల్లిపాదీ కూర్చుని చూచాము. గొప్ప నటులున్నారన్న నమ్మకమూ ఉంది. ఆశపడ్డంత దక్కలేదని ముందే మనవి చేస్తున్నాము.

చిత్రం 2016లో విడుదలైంది. డేవ్ ఎగ్గర్స్ 2012లో ప్రచురించిన నవల దీనికి మూలం. దర్శకుడు టామ్ టిక్వర్ జర్మనీ దేశస్థుడు. 1998లో ‘రన్ లోలా రన్’ తీసి లోకమంతా పేరు తెచ్చుకొన్నవాడు. కథానాయకుడు టామ్ హాంక్స్. ‘ఫిలడెల్ఫియా’, ‘ఫారెస్ట్ గంప్’ చిత్రాలకు వరుసగా రెండు ఆస్కార్‌లు అందుకొన్న నటుడు. ‘మిసిసిపి మసాలా’ నాటి నుండి మనకు తెలిసిన సరితా చౌదరి, డెన్మార్కు నటి సిద్సె బాబెట్ నూడ్సెన్, ఇంగ్లండు నటుడు బెన్ విషా, పాతకాపు టామ్ స్కెరిట్ – ఇంతమంది సమర్థులు ఒకచోట చేరడం అరుదు.

కథ చెప్పుకొంటే చిన్నదే. ఆలన్ క్లే అనే అమెరికా వ్యాపారి ఒకప్పుడు ష్విన్ సైకిళ్ళ కంపెనీలో పెద్ద ఉద్యోగి. చౌక అని తయారీని చైనాకు తరలించి, స్వదేశంలో కార్మికుల నోటి దగ్గర కూడు తీసినవారిలో తానూ ఒకడు. ఇప్పుడు సంసారం చెడింది, కూతురి చదువుకు డబ్బు లేదు. ఎక్కడో ఉన్న మనిషిని ఎదుట నిలిచినట్టు చూపించే యంత్రాన్ని సౌదీ రాజుకు అమ్మజూపడానికి వస్తాడు. ఎడారిలో కొత్త నగరం కడుతున్నారు. ఆ నగరానికి ప్రణాళికలు తప్ప జనం లేరు. బయట డేరాలో కూర్చుని రాజు కోసం రోజుల తరబడి పడిగాపులు. ఇలాంటి నగరం నిజంగానే ఉన్నది. జెద్దాకు ఉత్తరాన ఎర్రసముద్రం ఒడ్డున 20 లక్షల జనాభా కోసమని 2005లో అబ్దుల్లా రాజు పేరున ప్రకటించిన ఆర్థిక నగరం అనుకొన్నంతగా నిండనే లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అన్న మన సామెత గుర్తుకు వస్తుంది.

మంచిని మంచి అనాలి. మొదటి అరగంట చక్కగా ఉన్నది. అధికారి ఎప్పుడు వస్తాడో ఎవరూ చెప్పరు; ‘రేపు’ అంటారు; ఆ రేపు రాదు. ఆఫీసుల చుట్టూ తిరిగిన ఎవరికైనా అది తెలిసిన బాధే. నవ్వుతూ నవ్వుతూనే లోపల కుంగిపోయే మనిషిని హాంక్స్ కంటితోనే చూపించాడు. డ్రైవరు యూసఫ్‌తో అతని సంభాషణలు హాయిగా సాగాయి. వీపుమీది కణితిని చూచే వైద్యురాలు జహ్రాగా సరితా చౌదరి తక్కువ మాటలతో ఎక్కువ గౌరవం తెచ్చింది.

మరి లోపం ఎక్కడ? వంటకు సరుకులన్నీ ఉన్నాయి; పొయ్యి మాత్రం వేరే ఇంట్లో వెలిగించారు. సౌదీ కథను ఎక్కువ భాగం మొరాకోలో చిత్రీకరించారు. అప్పట్లో సౌదీలో సినిమాహాళ్ళే లేవు. 2018 ఏప్రిల్‌లో గాని మళ్ళీ తెరుచుకోలేదు. కనుక తావు మారినందుకు తప్పు పట్టము. కాని సౌదీవాడైన యూసఫ్ పాత్రకు అమెరికా నటుడు అలెగ్జాండర్ బ్లాక్‌నూ, సౌదీ వైద్యురాలి పాత్రకు భారత సంతతి నటినీ తీసుకొన్నారు. ఇద్దరూ బాగానే చేశారు. అయినా ఆ దేశపు మనిషి నోట ఆ దేశపు మాట మనకు వినిపించదు. ఇక బెన్ విషా వంటి నటుడిని యంత్రంలో కనిపించే మాయాబొమ్మగా కొద్ది నిమిషాలు నిలబెట్టి పంపేశారు. చిత్రానికి పేరు తెచ్చిన ఆ బొమ్మకూ, ఆ నటుడికీ ఒకే గతి పట్టింది.

కథ నడిచే కొద్దీ దర్శకుడికి నగరం మీద ఆసక్తి తగ్గి, ప్రేమ మీద పెరిగింది. రాజు రానే వస్తాడు, యంత్రం చూస్తాడు; చివరకు చౌకగా ఇస్తామన్న చైనావారికే బేరం కుదురుతుంది. ఒకనాడు తాను చేసిందే తన మెడకు చుట్టుకొన్నదన్న ఎరుక ఆలన్‌కు కలిగి ఉంటే చిత్రం ఎంతో ఎత్తుకు పోయేది. అతడు మాత్రం జహ్రాతో సముద్రంలో ఈదుతూ సేద తీరుతాడు. సైకిళ్ళ ఫ్యాక్టరీలో రోడ్డున పడ్డవారి ఊసును తండ్రి పాత్రకు అప్పగించి దులిపేసుకొన్నారు.

అన్నింటికన్నా మమ్మల్ని బాధించినది మరొకటి. పూర్తికాని ఒక మేడలోకి ఆలన్ వెళ్ళినప్పుడు అక్కడ వలస కూలీలు కనిపిస్తారు. కొద్ది క్షణాలే. ఇరుకు, చెమట, గలాటా. ఆలన్ చూస్తాడు, దాటిపోతాడు. కెమెరా కూడా అతని వెంటే పోతుంది. ఒక్కడికీ పేరు లేదు. అప్పుడు మాతో కూర్చుని చూస్తున్న మామ్మగారు, రబ్బరు తోటలో పుట్టి పెరిగిన మనిషి, ఒక్క మాట అడిగారు: “వీళ్ళ కంగాణీ ఎవరు నాయనా?”

ఆ ప్రశ్న ఈ చిత్రం తీసినవారికి తట్టలేదు. మామ్మగారికి తట్టింది. ఊళ్ళోకి వచ్చి అడ్వాన్సు చేతిలో పెట్టి, ఓడ ఎక్కించి, తలకింత అని దొర దగ్గర పుచ్చుకొన్న కంగాణీని మన ఇళ్ళలో ఎవరూ మరువలేదు. భారత ప్రభుత్వం 1938లో అలాంటి వలసను నిలిపివేసేదాకా ఆ పద్ధతి సాగింది. సౌదీలో దానికి అన్నదమ్ముడి వంటిది కఫాలా. యజమాని పూచీ మీదనే కూలీ ఉండవలసి వచ్చేది. ఎందరి పాస్‌పోర్టులో ఆ యజమాని బీరువాలోనే ఉండిపోయాయి. 2021 మార్చిలో నిబంధనలు కొంత సడలించారు గాని, ఇంటిపని చేసేవారిని ఆ సడలింపులో చేర్చలేదు. నగరం ఎవరి చేతులతో లేస్తున్నదో చెప్పకుండా నగరం కథ చెప్పడం, చేను గీసి రైతును వదిలేసిన బొమ్మ వంటిది.

ఇది చేతకాని పని కాదని రెండు చిత్రాలు నిరూపించాయి. హైఫా అల్ మన్సూర్ 2012లో ‘వజ్దా’ను రియాద్‌లోనే తీసింది. బయట మగవారితో కలిసి పనిచేయరాదు గనుక వ్యాన్‌లో కూర్చుని దర్శకత్వం వహించింది. సైకిలు కావాలని పట్టుబట్టే ఒక బాలిక కథ అది. పేరుమోసిన తారలు లేరు. అయినా ఆ పిల్ల సైకిలులో ఉన్న ప్రాణం ఆలన్ క్లే అమ్ముకొన్న సైకిళ్ళలో లేదు. మన పొరుగు మలయాళీలు బెన్యామిన్ నవల ఆధారంగా 2024లో ‘ఆడుజీవితం’ తీశారు. సౌదీ ఎడారిలో మేకల కాపరిగా చిక్కుకొన్న నజీబ్ కథ. అదీ సౌదీలో తీసినది కాదు. జోర్డాన్, అల్జీరియా ఎడారుల్లో తీశారు. తావు పరాయిదైనా బాధ పరాయిది కాలేదు. కూలీకి పేరు పెట్టి, అతని వెంటే కెమెరా నడిచింది.

కాబట్టి తప్పు నటులది కాదు, ఇసుకదీ కాదు. చూపుది. హాంక్స్ అభిమానులు ఆయన కోసం ఒకసారి చూడవచ్చు. మొదటి సగం వృథా పోదు. కాని మన యువకులు చూచేటప్పుడు ఆ మేడ దృశ్యం దగ్గర ఒక్కసారి ఆపి, వెనుక నిలబడ్డవారి ముఖాలు చూడాలని కోరుతున్నాము. తోటల రోజుల్లో దొరల ఛాయాచిత్రాలలో మన తాతలు కూడా అలాగే, పేరు లేకుండా, వెనుక వరుసలోనే నిలబడ్డారు. వారి పేర్లు ఇంకా మన ఇళ్ళలోని పెద్దలకు గుర్తున్నాయి. అడిగి వ్రాసిపెట్టుకొనవలసింది మనమే.