వెస్ట్రీ గోడను గూర్చి ఎవరి నడుగవలెను?

గత ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట, మా గుత్తి పాత చర్చిలో గురువు ఆరాధనకు ఆయత్తమగు వెస్ట్రీ గదిని మార్చు విషయమై గురువుగారు ఒక ప్రకటన చదివిరి. ప్రక్కనున్న చిన్న గదితో దానిని కలిపి, నడిమి గోడ తీసివేసి, క్రింద టైల్సు పరచి, పైన ఫాల్స్ సీలింగు వేసి, స్త్రీల మైత్రికిని సండేస్కూలుకును ఒక హాలు చేయుదురట. ప్లాను వాకిటి ప్రక్క అంటింపబడియున్నది. అభిప్రాయములున్నవారు కాగితముపై వ్రాసి, వచ్చే ఆదివారములోగా పెట్టెలో వేయవలెనట. మార్పు మాట అటుంచి, ముందుగా నా మనసు నొచ్చినది ఆ పని నడచిన వరుసకు. గీయుట అయినది, మేస్త్రీతో ధర మాట్లాడుట అయినది, సంఘము నడుగుట మాత్రము కడపటికి మిగిలినది. ముహూర్తము పెట్టి, శుభలేఖలు అచ్చొత్తించి, ఆపైన పిల్ల నడిగినట్లున్నది.

ఈ శీర్షికను విడువక చదువువారికి పాత గోడల విషయమున నా పక్షమేదో తెలియును. రాయియు సున్నమును కూర్చి కట్టిన గోడ తనలో చేరిన తేమను మరల గాలికి విడువగలదు. దానిపై సిమెంటు పూసినచో ఆ త్రోవ మూసికొనిపోయి, లోపలి ఉప్పు పొంగి, పూతతోబాటు రాతి పైపొరయు పెళ్లలుగా రాలిపోవును. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కురియుటయే భాగ్యమైన ఈ సీమలో, మేనెల మధ్యాహ్నము ఆ గదిలో అడుగుపెట్టిన వానికి మందపు గోడ విలువను ఎవరును బోధింపనక్కరలేదు. పాత చర్చిలను బాగుచేయు నెపమున గీకి గీకి క్రొత్తవి చేయుచుండిరని కడుపు మండి, విలియం మారిస్ 1877లో లండనులో ప్రాచీన కట్టడముల రక్షణకై ఒక సంఘమును స్థాపించెను. మా కొండమీది కోటకు పురావస్తుశాఖ కాపు కలదు. కొండక్రింది చర్చికి అట్టి కాపు లేదు, దానికి కాపు సంఘమే. కనుక పెట్టెలో వేయుటకు నేనొక దీర్ఘమైన అభ్యంతరము వ్రాయ మొదలిడితిని.

వ్రాయుచుండగా కోట క్రింది దొరల శ్మశానము తలపునకు వచ్చినది. సర్ థామస్ మన్రో, ఈ దత్తమండలములకు 1800 నుండి 1807 వరకు కలెక్టరై, అనంతరము మద్రాసు గవర్నరై, పదవీ విరమణకు ముందు ఈ ప్రజలను కడసారి చూచిపోవలెనని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాచే మరణించినపుడు, ఆయన దేహమును గుత్తికి తెచ్చి ఇచ్చటనే భూస్థాపితము చేసిరి. 1831లో ఆ అస్థికలను తవ్వి తీసి, చెన్నపట్టణమున సెయింట్ జార్జి కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించిరి. ఆ నిర్ణయమునకు ముందు గుత్తి జనులను పిలిచి మాట అడుగుట ఆ కాలపు పాలకులకు తట్టెడి పనియే కాదు. చిన్నతనమున ఆ శ్మశానమునకు వెళ్లినపుడెల్ల, మా ఊరి సొత్తు మమ్మడుగకయే పోయినదను ఉక్రోషము నాకు కలుగుచుండెడిది. నేటికిని అది పూర్తిగా చల్లారలేదు. అయినను, మిగిలినదేమో చూడుడు. గుత్తిలో ఆయన పేర ఒక సత్రము వెలసినది, పత్తికొండలో తోపును బావియు వెలసినవి. బాటసారి తలదాచుకొనినాడు, దప్పిగొన్నవాడు నీరు త్రాగినాడు. అంతకన్న పెద్ద మాట, రైతులు తమ బిడ్డలకు మండ్రోలప్ప అని పేరు పెట్టుకొని ఇంటింట ఆ పేరు పిలుచుకొనిరి. అస్థికలను పెట్టెలో పెట్టి మద్రాసుకు పంపగలిగిరి గాని, వాడుకలోనికి వచ్చినదానిని ఎవరును తరలింపలేకపోయిరి.

ఈ మాట తోచినంతనే నా అభ్యంతరపత్రమునకు బిగువు తగ్గినది. ఒక గది ప్రాచీనత దాని గోడలో ఎంత గలదో, దానియందు కూర్చుండువారి అలవాటులో అంతకంటె ఎక్కువ గలదు. కాగా ఆ అలవాటు ఎవరిదని విచారింపవలెను గదా!

1810లో బళ్లారికి వచ్చిన లండన్ మిషన్‌వారు 1880 దశకపు ఆరంభమున గుత్తిని తమ కేంద్రములలో ఒకటిగా చేసికొనిరి. వారిలో హెచ్చుమంది కాంగ్రిగేషనల్ సంప్రదాయమువారు. బిషప్పు ఆజ్ఞతో గాక, ఒక చోట కూడిన విశ్వాసులు సభ తీరి, ప్రార్థించి, తామే తీర్మానించుకొనుట ఆ సంప్రదాయపు మూలసూత్రము. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి, బిషప్పులును పెద్దలును కమిటీలును ఒక చట్రములో అమరినపుడు సైతము, సంఘసభ హక్కు ఆ చట్రములో ఒక భాగముగా నిలిచినది. దస్తావేజులలో చర్చి ఆస్తి దక్షిణ ఇండియా సంఘపు ట్రస్టు అసోసియేషనుదే. సంఘము నడుగుట మాత్రము మా పూర్వులు మాకిచ్చిపోయిన ధర్మము. ఇంగ్లండులో పాత చర్చిని మార్పదలచినవారు తలుపుపై 28 దినములు ప్రకటన అంటించి ఉంచవలెను. మంచి నియమమే, కాని అంటించిన కాగితము చదువరినే పలుకరించును.

అందుచేత శనివారము నాడు స్త్రీల మైత్రి కూడికకు అనుమతి నడిగి వెళ్లి ఒక మూల కూర్చుంటిని. ఆ గదిని ఊడ్చు ఆమెకు ప్లాను సంగతియే తెలియదు. "అయ్యా, గోడ తీసినా తీయకపోయినా, ఆ మెట్లకు పట్టుకొనేదానికి ఏమన్నా పెట్టండి. మోకాళ్లు వంగవు" అని ఒక వృద్ధురాలు అన్నది. చంటిపిల్లల తల్లులు బిడ్డ ఏడ్చినపుడు వెలుపలి ఎండలోనికి పోవలసివచ్చుచున్నదనియు, వెస్ట్రీలోనికి పోవుటకు తమకు ఇన్నాళ్లును ధైర్యము చాలలేదనియు చెప్పిరి. నేను ఇంతకాలము ప్రశాంతమని మెచ్చుకొనిన గది వారికి మూసియున్న గది. ఫాల్స్ సీలింగును ఒక్కరైనను కోరలేదు.

బిషప్ అజరయ్యగారు దోర్నకల్లులో 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన కతీడ్రలును చూచినవారికి ఒక విషయము స్ఫురింపక మానదు. మండపమును గుమ్మటములును ఈ దేశపు కన్నెరిగిన రూపములు. ఆరాధించు జనులు పరాయి ఇంట నిలిచినట్లుండరాదను తపన అందులో కలదు. ఆ తపనకు అనువుగా గోడను మార్చుట అపచారము గాదు.

పెట్టెలో నేను వేసినది గోడను తెరువుమను పత్రమే. అయితే పైన మిద్దె దూలములు ఆ గోడపైననే ఆనియున్నవి గనుక మొత్తము పడగొట్టక, పాత కట్టుబడి తెలిసిన మేస్త్రీని పిలిపించి, నడుమ ఒక కమాను మాత్రము తెరువవలెను. తెరచిన అంచులను సున్నముతోనే పూయవలెను. నేలకు మన తాడిపత్రి బండలు చాలును. సీలింగునకై దాచిన రూకలతో మెట్లకు పట్టుకొను కమ్మీలును, చక్రాల కుర్చీ ఎక్కు వాలును కట్టవలెను. బాప్తిస్మ పుస్తకముల బీరువాను చెదలుపట్టని ఎత్తైన తావునకు ముందుగా తరలించి, ఆ పిమ్మటనే గునపము పట్టవలెను. వీటన్నిటికి పూర్వము ప్లానును గోడమీదినుండి దింపి, వేరుసెనగ పనినుండి వచ్చువారును, డీజిల్ షెడ్డులో డ్యూటీ దిగి వచ్చువారును అందుకొనగల సాయంవేళ సంఘసభ నొకదానిని పిలిచి, సుద్దముక్కతో గది నేలపైననే గీచి చూపి, నోటిమాటగా అందరి నడుగవలెనని గురువుగారిని వేడుకొనుచున్నాను.