దాచిన వ్యాధి, చెప్పిన వ్యాధి

మా పరవాడ ఫార్మాసిటీలో మందులు తయారగుచున్నవి. కొద్ది దూరములోనే, అగనంపూడిలో, టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సరు ఆస్పత్రి ఉన్నది. అయినను మన ఇండ్లలో ఆ వ్యాధి పేరు పలుకుటకు నోరు రాదు. పెద్దలకు వచ్చిన “కడుపులో పుండు” అందుము. పదునారేండ్ల పిల్లకు వచ్చినయెడల, రేపు సంబంధము కుదరదేమోనని, ఆ మాటే ఎత్తము. ఇట్టి మనము రెండు నవలలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట మేలు.

మొదటిది మన తెలుగు నవల, యండమూరి వీరేంద్రనాథ్ గారి ‘వెన్నెల్లో ఆడపిల్ల’. చదరంగపు ఆటగాడైన రేవంత్‌ను ఒక యువతి టెలిఫోనులో పలుకరించి, తన్ను కనిపెట్టుమని పందెము వేయును. ఆ వెదకులాట చదువరిని పుస్తకము దింపనీయదు. తీరా అతడు ఆమె ఇల్లు కనుగొనునప్పటికి ఆమె వ్యాధితో కన్నుమూసియుండును. 1995లో కన్నడములో ‘బెళదింగళ బాలె’ అను చిత్రముగా కూడ ఈ కథ వచ్చినది. రచయిత నేర్పును కాదనలేము. అయితే ఆ పిల్ల స్వరము విన్నామేగాని ఆమె పండుకొనిన మంచమును చూచితిమా? వ్యాధి కథకు చివరి మలుపైనది. రోగి వెన్నెలగానే మిగిలిపోయినది.

రెండవది జాన్ గ్రీన్ అను అమెరికా రచయిత 2012లో ప్రకటించిన ‘ది ఫాల్ట్ ఇన్ అవర్ స్టార్స్’. ఇందులో దాపరికము లేదు. హేజెల్ అను పదునారేండ్ల బాలిక తన కథ తానే చెప్పుచున్నది. థైరాయిడ్ క్యాన్సరు ఊపిరితిత్తులకు ప్రాకుటచేత ఆక్సిజన్ సిలిండరును వెంట లాగుకొని తిరుగును. క్యాన్సరుచేతనే ఒక కాలు పోగొట్టుకొనిన అగస్టస్ ఆమెకు పరిచయమగును. వారు ఒకరినొకరు జాలిచేత కాదు, హాస్యముచేతను చదువుచేతను ప్రేమించిరి.

వారు కలిసికొనినది ఒక దేవాలయపు క్రింది గదిలో జరుగు రోగుల కూటములో. ఆ కూటము నడుపువానిని హేజెల్ ఎగతాళి చేయును. ఇది మనలను నొప్పింపవచ్చును. కాని ఈ రచయిత యౌవనమున కొన్ని నెలలు పిల్లల ఆస్పత్రిలో చాప్లెయిన్‌గా పనిచేసినవాడని మరువరాదు. అతడు వెక్కిరించినది విశ్వాసమును కాదు, వినకముందే ఆదరింపబూనుకొను అలవాటును.

ఈ నవలలోను దాచుట ఉన్నది. వ్యాధి తిరుగబెట్టినదని అగస్టస్ ఆమ్‌స్టర్‌డామ్ ప్రయాణపు చివరి దినమువరకు హేజెల్‌కు చెప్పడు. తల్లి సంఘసేవకురాలగుటకు చదువుకొనుచు, తాను పోయిన పిమ్మటి దినములకు సిద్ధపడుచున్నదని బిడ్డ తలంచునేమోయని దాచును. అది బయటపడినప్పుడు హేజెల్ నొచ్చుకొనదు, సంతోషించును. తాను లేని దినమున అమ్మ ఏమగునోయన్నదే ఆ పిల్ల పెద్ద భయము గనుక. నవలయంతటిలో నాకు మిక్కిలి విలువైన ఘట్టము ఇదియే. నిజము బిడ్డను చంపలేదు, ఆమె గుండెబరువు దించినది.

లోపములు లేకపోలేదు. ఈ పిల్లలు కొన్నిచోట్ల తత్వవేత్తలవలె మాటలాడుదురు. హేజెల్‌ను బ్రతికించుచున్న మందు రచయిత కల్పితము. మందులు చేయు ఊరివారమగు మనము దానిని నిజమని వెదకరాదు. వైద్యమునకు పొలము తాకట్టు పెట్టు తండ్రి ఇందులో కనబడడు. మన తెలుగు రచయిత ఎవరైన అట్టి తండ్రిని వ్రాయవలసియున్నది.

యోబు స్నేహితులు ఏడు దినములు మౌనముగా అతనియొద్ద నేలమీద కూర్చుండిరి. వారి తప్పు నోరు తెరచిన తరువాతనే మొదలైనది. మన వీధిలో జబ్బుపడిన పిల్ల ఉన్నయెడల ప్రసంగము పట్టుకొని పోవద్దు. ఆమె ప్రక్కను కూర్చుండి ఆమె ఏమి చెప్పునో వినుడి. వ్యాధి పేరు ఆమెయే పలికినప్పుడు చూపు మరల్చుకొనకుడి.