ఖాళీ తొట్టి బరువు

మిషిగన్‌లో పికప్ ట్రక్ అమ్మేశానంటే, మన ఊళ్ళో పొలం అమ్ముకున్నవాణ్ణి అడిగినట్టే అడుగుతారు: "ఏం, ఏమైనా ఇబ్బందా?" ఏడేళ్ళు మా ఇంటి ముందున్న ఫోర్డ్ ఎఫ్-150 ఇచ్చేసి సుబారు ఫారెస్టర్ తెచ్చుకున్నాక మా వీధిలో ఇద్దరు, ఒక తెలుగువాళ్ళ పెళ్ళిలో ఇంకొకాయన, అదే మాట అడిగారు. ఎఫ్-150 తయారయ్యే డియర్‌బోర్న్ కర్మాగారం మాకు అరగంట దూరం. ఇక్కడ ఎన్నో ఇళ్ళకు అన్నం పెట్టిన బండి అది, నాకు తెలిసిన తెలుగు ఇంజనీర్ల ఇళ్ళతో సహా. అందుకే ఒక్క ముక్కలో జవాబు చెప్పి ఊరుకోబుద్ధి కాలేదు. రెండూ నడిపాను కనుక రెండిటినీ పక్కపక్కన నిలబెట్టి, ఏది ఏ పనికి పుట్టిందో, ఎవరింట్లో ఏ పని చేస్తోందో చూడాలనిపించింది.

ముందు కొలతలు. నాలుగు తలుపుల క్యాబిన్, ఐదున్నర అడుగుల తొట్టి ఉన్న ఎఫ్-150 పొడవు దాదాపు 5.9 మీటర్లు. ఫారెస్టర్ 4.6 మీటర్లు. బరువు దానిది రెండు టన్నులు దాటుతుంది, దీనిది టన్నున్నర పైచిలుకు. ఇంతవరకూ ఎవరైనా ఊహించేదే. నన్ను ఆశ్చర్యపరిచింది గ్రౌండ్ క్లియరెన్స్. ఫారెస్టర్ పొట్ట నేలకు 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. పికప్‌కీ దానికీ తేడా ఒకటి రెండు వేళ్ళ మందమే. ఎత్తు చూసి పికప్ ఎక్కడికైనా పోతుందని, చిన్న ఎస్‌యూవీ పోలేదని అనుకునేవాళ్ళు అసలు చూస్తున్నది బానెట్ ఎత్తు. మంచు గడ్డకూ గుంతకూ దానితో పని లేదు.

పుట్టుకలు చూస్తే తేడా ఇంకా తేటపడుతుంది. ఫోర్డ్ తన మోడల్-టి కారు వెనక తొట్టి బిగించి కర్మాగారంలోనే తయారుచేసి అమ్మడం 1925లో మొదలుపెట్టింది. అప్పటిదాకా రైతులు కారు కొని, వెనక భాగం తామే కోసి, చెక్క పెట్టె కట్టించుకునేవారు. 1948లో ఎఫ్-సిరీస్, 1975లో ఎఫ్-150 వచ్చాయి. అంటే ఈ వంశానికి మూలం సరుకు. సుబారు కథ ఇంకోలా మొదలైంది. ఉత్తర జపాన్‌లో కొండల మీద కరెంటు తీగలు చూసుకునే తొహోకు విద్యుత్ సంస్థ సిబ్బంది చలికాలంలో జీపుల్లో తిరిగేవారు. మంచులో జీపులాగే పోగల, లోపల మాత్రం మామూలు కారులా వెచ్చగా ఉండే బండి కావాలని వాళ్ళు అడిగారు. అలా 1971లో తయారైన నమూనా బండే 1972లో లియోన్ ఫోర్ వీల్ డ్రైవ్ వ్యాన్‌గా బజారుకొచ్చింది. ఆ లైన్‌మన్ మోసుకెళ్ళేది పనిముట్ల సంచీ. అతను కొండ మీదికి చేరాలి, సాయంత్రానికి క్షేమంగా దిగిరావాలి. ఫారెస్టర్ తొలిసారి 1997లో వచ్చినా, దాన్ని నడుపుతుంటే నాకు ఆ లైన్‌మన్ కోరికే వినిపిస్తుంది.

ఇక యంత్రం సంగతి. ఈ పోలికంతటికీ కీలకం ఇదే. రెండూ నాలుగు చక్రాలకూ బలం పంపే బండ్లే. పంపే తీరు వేరు.

కళ్ళంలో ఎద్దులను వరుసగా బంతి కట్టి తిప్పడం చూసినవాళ్ళకు ఇది సులభంగా అర్థమవుతుంది. వరుసలో లోపలి ఎద్దు దాదాపు నిలుచున్నచోటే తిరుగుతుంది, బయటి ఎద్దు పెద్ద పెద్ద అడుగులు వేయాలి. అన్నీ ఒకే అడుగు వేయాలంటే మెడలు విరుగుతాయి. మలుపులో బండి చక్రాలదీ అదే గతి. కుడి ఎడమ చక్రాలు వేర్వేరు దూరాలు నడుస్తాయి, ముందు వెనక చక్రాలు కూడా. నా పికప్‌లో డాష్‌బోర్డు మీద ఒక గుండ్రటి మీట ఉండేది. మామూలుగా వెనక చక్రాలే తోస్తాయి. మీట తిప్పితే ముందు, వెనక ఇరుసులు ఒకదానికొకటి బిగుసుకుని ఒకే వేగంతో తిరుగుతాయి. బురదలో, లోతైన మంచులో ఆ బిగింపే బలం. పొడి రోడ్డు మీద అదే శత్రువు. మలుపులో చక్రాలు ఈడ్చుకుంటూ గునుస్తాయి, లోపలి పళ్ళచక్రాల మీద వత్తిడి పడుతుంది. అందుకే మీట ఎప్పుడు తిప్పాలో, ఎప్పుడు తీసేయాలో డ్రైవరే కనిపెట్టాలి.

ఫారెస్టర్‌లో ఆ మీటే లేదు. ముందు, వెనక ఇరుసుల మధ్య పలకల క్లచ్ ఒకటి ఉంటుంది. అది కంప్యూటర్ చెప్పినట్టు క్షణక్షణానికీ బిగుస్తూ, సడలుతూ, ఎటు పట్టు ఉంటే అటు బలం పంపుతుంది. ఎద్దులన్నీ కాడి మోస్తూనే ఉంటాయి, దేని అడుగు అది వేస్తుంది.

మిషిగన్ చలికాలం రోడ్డు ఒకే తీరుగా ఉంటే పికప్ పద్ధతికీ వంక పెట్టనక్కర్లేదు. కానీ జనవరి ఉదయం ఆరింటికి మా వీధి మంచు, పెద్ద రోడ్డు ఉప్పు చల్లిన తడి, హైవే ఎండిన తారు, వంతెన మీద కంటికి కనబడని పల్చటి మంచుపొర. ఇరవై నిమిషాల దారిలో నాలుగు రోడ్లు. మీట ఎన్నిసార్లు తిప్పను? ఒకరోజు వెనక చక్రాల మీదే వెళ్తూ ఎడమకు మళ్ళాను. తొట్టి ఖాళీ. వెనక భాగం నెమ్మదిగా, నా ప్రమేయం లేకుండా, కుడివైపు జారిపోయింది. ఎదురుగా ఎవరూ లేకపోబట్టి సరిపోయింది. టన్ను బరువుకు తయారైన కమాన్ కట్టల మీద బరువే లేకపోతే వెనక చక్రాలకు నేల మీద ఒత్తిడి చాలదు. అందుకే ఇక్కడి పికప్‌ల వాళ్ళు నవంబరులో ఇసుక మూటలు కొని వెనక ఇరుసు మీదికి వచ్చేలా తొట్టిలో పేరుస్తారు. నేనూ ఏటా నాలుగు పేర్చేవాణ్ణి. సరుకు మోయడానికి కొన్న బండి సరిగ్గా నడవడానికి సరుకు కొని మోయించాలన్న సంగతి నాకు ఆ మలుపు దగ్గర తట్టింది. నా నిర్ణయం నిజానికి ఆ రోజే అయిపోయింది.

అయినా చిన్న బండి వైపు వాదించేవాళ్ళు ఎక్కువ చేసి చెప్పే మాట ఒకటుంది. ఆల్ వీల్ డ్రైవ్ ఉంటే మంచు భయం లేదంటారు. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు. ఆల్ వీల్ డ్రైవ్ బండిని కదిలించడానికి సాయపడుతుంది, ఆపడానికి కాదు. బ్రేకులు ఏ కారుకైనా నాలుగు చక్రాలకూ ఉంటాయి. మంచు మీద బండిని ఆపేది టైరు రబ్బరే. చలికి గట్టిపడని ప్రత్యేకమైన రబ్బరుతో చేసిన చలికాలపు టైర్లు వేసిన మామూలు కారు, అరిగిన టైర్లున్న ఆల్ వీల్ డ్రైవ్ కన్నా ముందు ఆగుతుంది. ఇంకో ఖర్చు కూడా ముందే తెలుసుకోవాలి. ఈ బండ్లకు నాలుగు టైర్ల చుట్టుకొలత దాదాపు సమానంగా ఉండాలి. ఒకటి మేకు గుచ్చుకుని పాడైతే, మిగతా మూడూ సగం అరిగి ఉంటే, కొత్తది ఒక్కటే వేస్తే ఆ పలకల క్లచ్ ఎప్పుడూ తేడా సర్దుతూ అరిగిపోతుంది. ఒక టైరు పంక్చరుకు నాలుగు టైర్లు కొనాల్సి రావచ్చు. పికప్‌లో నాకు ఈ బాధ ఇంతగా లేదు.

పెట్రోలు లెక్క సూటిగా ఉంటుంది. ఫారెస్టర్ గ్యాలనుకు 29 మైళ్ళు, నా పికప్ లాంటిది 20 మైళ్ళు. ఏడాదికి 12,000 మైళ్ళు తిరిగితే పికప్ 600 గ్యాలన్లు తాగుతుంది, ఫారెస్టర్ 414. అంతకన్నా నన్ను కదిలించిన లెక్క ఇంకోటి. చివరి ఏడాది తొట్టి వాడిన రోజులన్నీ వంటింటి క్యాలెండరు మీద గుర్తు పెట్టుకుంటూ వచ్చాను. పదకొండు. మిగిలిన 354 రోజులూ ఆ ఖాళీ తొట్టిని ఆఫీసుకూ, పిల్లల బడికీ, ఇండియన్ స్టోర్‌కూ తిప్పాను.

ఇంత పెద్దదీ ఇంత చిన్నదీ తప్ప మధ్యలో ఏమీ లేనట్టు ఈ ఎంపిక ఎందుకైంది? దీని వెనక ఒక కోడి కథ ఉంది. 1960ల మొదట్లో ఐరోపా దేశాలు అమెరికా కోడిమాంసం మీద సుంకం పెంచాయి. బదులుగా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ 1963 డిసెంబరులో బయటి దేశాల చిన్న ట్రక్కుల మీద 25 శాతం సుంకం వేశారు. కోళ్ళ తగాదా ఎప్పుడో సద్దుమణిగింది, ట్రక్కుల సుంకం మాత్రం నిలిచిపోయింది. చిన్న పికప్ బయటి నుంచి చవకగా రాలేకపోయింది. దీన్ని తప్పించుకోవడానికి సుబారు 1978లో బ్రాట్ అనే బుల్లి పికప్‌కు తొట్టిలో రెండు ప్లాస్టిక్ సీట్లు బిగించి, ఇది ప్రయాణికుల కారని చూపించి అమెరికాలో దింపింది. రొనాల్డ్ రీగన్ కాలిఫోర్నియాలోని తన పశువుల క్షేత్రంలో అలాంటిదే వాడుకున్నారు. ఫోర్డ్ కూడా తన చిన్న రేంజర్‌ను ఇక్కడ 2011లో ఆపేసి, 2019లో తిరిగి తెచ్చినప్పుడు పెద్దది చేసి తెచ్చింది. నాలాంటి ఇంటికి నిజానికి సరిపోయేది ఆ పాత చిన్న రేంజర్. అది దొరకని కాలంలో జనం అవసరానికి మించిన పికప్ కొని, విసిగి, చిన్న ఎస్‌యూవీకి మారుతున్నారు. 2022 మోడల్‌గా వచ్చిన ఫోర్డ్ మావరిక్ ఆ ఖాళీని కొంత పూడ్చింది.

రెండు వంశాలూ ఒకే కప్పు కింద బతికిన చోటు కూడా ఒకటుంది. పక్క రాష్ట్రం ఇండియానాలోని లాఫయెట్‌లో సుబారు, ఇసుజు కలిసి 1989లో కర్మాగారం తెరిచాయి. ఒకపక్క ఇసుజు పికప్‌లు, ఇంకోపక్క సుబారు కార్లు. ఆ ఇసుజుయే 2016 నుంచి మన శ్రీసిటీలో డి-మ్యాక్స్ పికప్‌లు చేస్తోంది. మన దగ్గర పికప్ అంటే ఇప్పటికీ టమాటా బుట్టలూ సిమెంటు బస్తాలే. ఆ చూపు నాకు ఆరోగ్యకరంగా అనిపిస్తుంది. తొట్టి నిండితేనే దాన్ని బండి అంటాం.

భద్రత విషయంలో నాకు సందేహం లేదు. అమెరికాలోని హైవే భద్రతా బీమా సంస్థ 2023లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, బానెట్ 40 అంగుళాలకు మించి ఎత్తున్న బండి పాదచారిని గుద్దితే, 30 అంగుళాల లోపు వాలు బానెట్ ఉన్నదానితో పోలిస్తే ప్రాణం పోయే అవకాశం దాదాపు 45 శాతం ఎక్కువ. మా వాకిట్లో పక్కింటి మూడేళ్ళ పిల్ల ఆడుకుంటుంది. పికప్ ముందు ఆమె నిలబడితే డ్రైవర్ సీట్లోంచి నాకు కనిపించేది కాదు. ప్రతిసారీ దిగి, ముందుకు నడిచి చూసి, మళ్ళీ ఎక్కేవాణ్ణి.

మా అమ్మ సంగతి కూడా చెప్పాలి. విజయవాడ నుంచి వచ్చిన ప్రతిసారీ పికప్ ఎక్కాలంటే ఆవిడకు చిన్న స్టూలు వేయాల్సొచ్చేది. మోకాళ్ళ నొప్పి. "నన్ను ఇంట్లోనే ఉండనీరా, మీరు వెళ్ళిరండి" అనేది. ఫారెస్టర్ సీటు కుర్చీ ఎత్తులో ఉంటుంది. మొన్నటి వేసవిలో తనే తలుపు తీసుకుని కూర్చుని, "ఇది మనుషుల బండిరా" అంది.

మరి పికప్ నాకేమిచ్చింది? అది తక్కువ చేసి చెబితే ఈ పోలిక అబద్ధమవుతుంది. కొత్తగా ఉద్యోగంలో చేరి అపార్ట్‌మెంటు మారే కుర్రాళ్ళు శుక్రవారం సాయంత్రం ఫోన్ చేసేవాళ్ళు. "అన్నా, రేపు బండి ఉంటుందా?" పరుపులు, సోఫాలు, ఒకసారి గుడికి వినాయకుడి విగ్రహం. నాలుగడుగుల వెడల్పు ప్లైవుడ్ చెక్క తొట్టిలో చదునుగా పడుకునేది. ఫారెస్టర్ నడిచేటప్పుడు పైకప్పు మీద మోయగలిగింది 80 కిలోలే. లాగే బలం ఎఫ్-150కి ఐదారు టన్నుల దాకా పోతే, మామూలు ఫారెస్టర్‌కు 1,500 పౌండ్లు. ఇప్పుడా ఫోన్లు రావడం లేదు. నేను ఈ మార్పిడిలో పోగొట్టుకున్నానని నిజంగా అనిపించేది ఇదొక్కటే. పెద్ద సామాను ఉంటే హార్డ్‌వేర్ దుకాణంలో గంటల లెక్కన ట్రక్కు అద్దెకు దొరుకుతుంది. నా అవసరం దానితో తీరుతుంది, అవతలివాడు అడిగే చనువు దానితో రాదు. రోజూ పడవను లాగేవాడు, తోటపని చేసి బతికేవాడు, వడ్రంగి పికప్ వదులుకోనక్కర్లేదు. వాళ్ళ తొట్టి ఖాళీగా ఉండదు.

ఈ ఏప్రిల్‌లో పెరట్లో గోంగూర, వంగ మళ్ళకు మట్టి తెచ్చాను. వెనక సీట్లు మడిచి, పాత టార్పాలిన్ పరిచి, విడతకు ఎనిమిది బస్తాల చొప్పున మూడుసార్లు తిరిగాను. పికప్‌లో అయితే ఒక్కసారి. వారం రోజులు కారంతా తడి మట్టి వాసన. మా అమ్మాయి అద్దాలు దించుకుని బడికి వెళ్ళింది.